నిరుద్యోగం 6.1 నుంచి 3.2కి దిగిందట. నిజంగా తగ్గిందా, లెక్కలో తగ్గిందా?

కృష్ణాతీరం:
ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అని కేంద్ర గణాంకాల శాఖ చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వే ప్రకారం 2017-18లో 6.1 శాతంగా ఉన్న నిరుద్యోగం 2023-24 నాటికి 3.2కి వచ్చింది. పాలకపక్షం చంకలు గుద్దుకుంటోంది. ప్రతిపక్షం అంతా బోగస్ అంటోంది. టీవీల్లో ఇద్దరూ అరుచుకోవడమే తప్ప లెక్క విప్పి చెప్పే నాథుడు లేడు. మీరేమంటారు? జెండాలు గుమ్మం బయట పెట్టి రండి.

పల్నాటి మిర్చి:
బోగస్ అని నేననను. కాకపోతే ఆ 3.2లోకి ఎవరెవరు రాలేదో చూడాలి. మా వీధిలో కిరాణా కొట్టాయన కొడుకు బీటెక్ చేశాడు, ఉద్యోగం దొరకలేదు. పొద్దున్నే షట్టర్ లేపుతాడు, పాల ప్యాకెట్లు సర్దుతాడు, తండ్రి భోజనానికి వెళ్తే గల్లా దగ్గర కూర్చుంటాడు. జీతం గీతం ఏమీ లేదు, సినిమాకెళ్లాలన్నా అమ్మనడగాలి. సర్వే లెక్కలో ఇతను నిరుద్యోగి కాదు, స్వయం ఉపాధి ఉన్నవాడు! పనిచేసేవాళ్లలో ఇలా ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు 2017-18లో 13.6 శాతం, 2023-24లో 19.4. అదే కాలంలో నెలజీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కి పడిపోయింది.

లెక్కల పంతులు:
అన్నా, ఆ నిర్వచనం ఈ ప్రభుత్వం కనిపెట్టింది కాదు. దశాబ్దాలుగా అంతే. 6.1 తేల్చింది కూడా ఆ తూకపు రాయితోనే. అప్పుడు '45 ఏళ్లలో ఇదే ఎక్కువ' అని ఊరంతా చాటినవాళ్లకి ఇప్పుడు రాయి మీద అనుమానం వచ్చిందా? ఇంకో సంగతి, రోజుకూలీల వాటా 24.9 నుంచి 19.8కి తగ్గింది. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పనిచేస్తున్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7. ఇంత మార్పుని పక్కన పెట్టేస్తారా?

నల్లమల:
పంతులు గారూ, అనుమానం ఊరికే రాలేదు. 6.1 చెప్పిన నివేదికను జాతీయ గణాంక కమిషన్ ఆమోదించినా ప్రభుత్వం విడుదల చేయలేదు. దాంతో 2019 జనవరిలో కమిషన్ సభ్యులు పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. చివరికి నివేదిక ఎప్పుడొచ్చింది? మే 31న. ఎన్నికలు అయిపోయి, ప్రమాణ స్వీకారం జరిగిన మర్నాడు. ఒకసారి దాచిపెట్టాక ఆ తర్వాత నిజం చెప్పినా జనం నమ్మరు.

పాత ఎన్యూమరేటర్:
దాచడం వేరు, వండడం వేరు నల్లమల గారూ. ఇలాంటి సర్వేల్లో ఫీల్డు పని చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అంకెలు వండేది అక్కడ కాదు. ఆడవాళ్ల లెక్క ఎలా మారుతుందో చూడండి. గుమ్మంలో నిలబడి ఆయన్ని 'మీ ఆవిడ ఏం చేస్తారండీ' అంటే 'ఏం చేయదు, ఇంట్లోనే ఉంటుంది' అంటాడు. అవతల కొట్టంలో రెండు గేదెలుంటాయి. మేత వేసేది, పాలు పిండేది, పాల కేంద్రానికి పట్టుకెళ్లి పోసేది ఆవిడే. ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే ఆవిడ పనిమంతుల్లోకి వస్తుంది, అడగకపోతే రాదు. పైగా ఏడాదిలో కనీసం 30 రోజులు ఏదో పని చేసినా ఈ లెక్కలో చేరిపోతారు. పంతులు గారు చెప్పిన పెరుగుదలలో కొంత కొత్త పని, కొంత ఎప్పుడూ ఉన్న పనే.

పల్నాటి మిర్చి:
ఇది ఒప్పుకుంటా. మరి కోవిడ్‌లో ఊళ్లకి వచ్చేసినవాళ్ల సంగతి? 2018-19లో పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నవాళ్లు 42.5 శాతం. 2023-24లో 46.1. ఆర్థిక వ్యవస్థ కోలుకుంటే జనం పొలం వదిలి ఫ్యాక్టరీకి వెళ్లాలి గానీ, రివర్స్‌లో పొలానికి వస్తారా? ఉన్న రెండెకరాల మిర్చి చేలో ఇద్దరు చేసే పని నలుగురు చేస్తే కాయ ఎక్కువ కాయదు కదండీ.

లెక్కల పంతులు:
రిజర్వు బ్యాంకు 2023-24లో 4.67 కోట్ల ఉద్యోగాలు పెరిగాయంది. అదీ అబద్ధమేనా?

నల్లమల:
ఆ 4.67 కోట్లలో ఉద్యోగాలు ఎన్ని, గేదెల కొట్టాలు ఎన్ని? రిజర్వు బ్యాంకు ఇంటింటికీ వెళ్లి విడిగా లెక్కపెట్టలేదు సార్, ఇదే సర్వేలోని నిష్పత్తుల మీద ఆధారపడింది. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచి ఇద్దరు సాక్షులంటే కుదరదు.
పోనీ ప్రభుత్వం మాటే విందాం. 2024-25 ఆర్థిక సర్వే చూడండి. ధరల పెరుగుదల తీసేసి చూస్తే, స్వయం ఉపాధిలో ఉన్న మగవాళ్ల నెల రాబడి 2017-18లో 9,454 రూపాయలు, 2023-24లో 8,591. ఆడవాళ్లకి 4,348 నుంచి 2,950కి పడిపోయింది. అదే సర్వే పెద్ద కంపెనీల లాభాలు 2023-24లో 22 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయనీ చెప్పింది. కోలుకున్నదెవరో తెలుస్తూనే ఉంది.

లెక్కల పంతులు:
రాబడి తగ్గిందంటే కాదనను. కానీ మనం పెట్టుకున్న ప్రశ్న నిరుద్యోగం గురించి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు తక్కువ సంపాదిస్తే సగటు పడిపోతుంది, ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర. అంతమాత్రాన పాతవాళ్ల రాబడి అంతా కరిగిపోయిందనుకోలేం.

నల్లమల:
ఆడవాళ్ల దగ్గర కొంత అయ్యుండొచ్చు. నెలజీతం తీసుకునే మగవాళ్లకి కూడా 12,665 నుంచి 11,858కి ఎందుకు తగ్గినట్టు? వాళ్లలోకి కొత్తగా గుంపేమీ వచ్చి పడలేదే. పైన మిర్చి గారు చెప్పారుగా, జీతగాళ్ల వాటాయే తగ్గిందని.

డల్లాస్ బాబాయ్:
మీరింకా 3.2 దగ్గరే ఉన్నారా? 2025 ఏప్రిల్ నెల లెక్కలో 5.1 వచ్చింది. ఏడాది తిరక్కుండా రెండు శాతం పెరిగింది, ఇక చర్చ దేనికి?

పాత ఎన్యూమరేటర్:
బాబాయ్ గారూ, ఆ రెండూ పక్కపక్కన పెట్టకూడదు. 3.2 అనేది ఏడాది మొత్తం చూసి చెప్పేది. 5.1 అనేది గత వారం రోజుల స్థితి, అందులో ఒక్క గంట పని దొరికినా ఉపాధి కిందే లెక్క. 2023-24లో కూడా వారం పద్ధతిలో చూస్తే 4.9 ఉంది. ఆ అంకె అదే నివేదికలో ఉంది, పోస్టర్లకి మాత్రం ఎక్కలేదు.