సమస్యాపూరణం: కల్లు త్రాగని వానిని కల్లె కూల్చె

నిర్వాహకులు: ఈ వారం విషయం టంగుటూరి ప్రకాశం పంతులు. పాదం నిన్న రాత్రి నిద్ర పట్టక తట్టింది, నచ్చితే పూరించండి, లేదంటే నన్ను తిట్టండి. మద్యనిషేధం గొడవలో 1954లో ఆయన ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలింది కదా. పంతులుగారి జీవితంలో ఎక్కడ మొదలుపెట్టినా సరే, చివరికి ఇక్కడికే రావాలి:

"కల్లు త్రాగని వానిని కల్లె కూల్చె"

గోదారిగట్టు: బోణీ నాదే, తేటగీతిలో.

తే.గీ.
ఎదనుఁ జూపి తుపాకికి నెదురు నిలిచె
లక్షలార్జించు ప్లీడరీ లక్ష్యపెట్ట
కాంధ్ర రాష్ట్రము నేలఁగఁ గడకు నయ్యొ
కల్లు త్రాగని వానిని కల్లె కూల్చె

పాతతాటాకు: మొదటి పాదం బాగుంది గట్టుగారూ, 1928లో సైమన్ కమిషన్ నాటి మద్రాసు వీధి కళ్ళకు కట్టింది. రెండో పాదం దగ్గరే నాకు పేచీ. ప్లీడరీ చేసింది మీ రాజమండ్రిలో. లక్షలు చూసింది బారిస్టరై వచ్చి మద్రాసులో కోటు తొడిగాక. ఆ కోటు వదిలేసి 1921లో 'స్వరాజ్య' పత్రిక పెట్టి ఉన్నదంతా దానికి ధారపోశాడు. మీ ఊరి మీద అభిమానంతో సంపాదన కూడా అక్కడికే లాక్కుపోయారు.

గోదారిగట్టు: బారిస్టరు కూడా ప్లీడరే. మీకు బారిస్టరు గణంలో పడలేదని నా ప్లీడరు మీద కోపమా?

యతిమైత్రి: ఇద్దరూ ఆగండి. ఇది వినండి.

తే.గీ.
చెన్నపురిఁ బదవి నొసఁగి చేయి విడిచి
వెంట నడచిన వారలే వేటు వేయ
నమ్మి చెడె నండ్రు మన యాంధ్రనాయకుండు
కల్లు త్రాగని వానిని కల్లె కూల్చె

రెండో 'కల్లె' కల్లు కాదు, కల్ల, అంటే అబద్ధం. అందరూ 1954 దగ్గర క్యూ కట్టారు కాబట్టి నేను 1947కి వెళ్ళాను. 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యాడు, ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్ళే దింపారు.

చాటువు: ఆహా! కల్ల + ఎ! రెండుసార్లు చదివితేగాని తట్టలేదు. ఈ వారానికి ఇదే.

పాతతాటాకు: విరుపు మెచ్చుకోవాల్సిందే. కానీ 'కల్లయె' కావాలి కదా?

యతిమైత్రి: అత్తునకు (చివరి అకారానికి) సంధి బహుళమన్నాడు వ్యాకరణంలో చిన్నయసూరి. తాటాకుగారి తాటాకుల్లో ఆ ఆకు చెదలు పట్టిందేమో.

పాతతాటాకు: సంధి ఒప్పుకున్నా. మరి ముందున్న 'కల్లు త్రాగని' ఏం చేస్తోంది? 1947 గొడవలో కల్లు ఊసే లేదు. పాదంలో సగం పనిచేసి సగం ఊరికే కూర్చుంది. విరుపు దొరకగానే మురిసిపోతే ఇలాగే ఉంటుంది. గత నెల "పలుకు లెన్నియొ తెలిసియుఁ బలుకఁడయ్యె" అని పీవీ మీద ఇచ్చినప్పుడూ అంతే, రాంటెక్‌ని హగణంలో (గురువు, లఘువు) ఇరికించిన మహానుభావులు తమరే.

యతిమైత్రి: పీవీ 1984లోనూ 1989లోనూ అక్కడినుంచే గెలిచాడు. చెప్పకుండా ఎలా? మరాఠీ ఊరు, తెలుగు గణాలకు లొంగదు. మీలాగ నంద్యాల ఒక్కటే చెప్పి చేతులు దులుపుకోలేను.

నిర్వాహకులు: రాంటెక్ కేసు మూసేశాం. మళ్ళీ తెరవకండి.

కొత్తచిగురు: నా ప్రయత్నం.

తే.గీ.
ఎనుబదేండ్లును దాఁటిన యింటిపెద్ద
మాట తప్పక నిలిచెను మద్యమందు
ఒక్క యోటుతో ప్రభుత్వ మోడిపోయె
కల్లు త్రాగని వానిని కల్లె కూల్చె

గోదారిగట్టు: మద్యమందు నిలిచాడా? పీపాలోనా, కుండలోనా?

చాటువు: 😂😂 పంతులుగారు వింటే చేతికర్ర తీసేవారు. 'మద్యమాప' అంటే సరి, మద్యము ఆపడానికి నిలిచాడు.

పాతతాటాకు: నవ్వులు సరే, మూడో పాదం ఎవరూ చూడలేదా? 'ప్రభుత్వ' జగణం (లఘువు, గురువు, లఘువు). ఇంద్రగణాల్లో దానికి చోటెక్కడ?

గోదారిగట్టు: 'సర్కారు నోడిపోయె' అంటే పోతుంది.

యతిమైత్రి: పోదు. ఆ నకారం ఎక్కడినుంచి ఊడిపడింది? సర్కారును ఎవరో ఓడారని అర్థమొస్తుంది.

నిర్వాహకులు: "ఒక్క యోటుతో సర్కారె యోడిపోయె". ఇక చాలు.

కొత్తచిగురు: సర్కారు, కచేరీ అని రాస్తే మా తరంవాళ్ళు పద్యం చదవరండీ. ప్రభుత్వం అందరికీ తెలిసిన మాట. ఉంచేస్తున్నా. మద్యమాప మాత్రం తీసుకుంటా.

పాతతాటాకు: తెలిసిన మాటైతే గురువు లఘువైపోతుందా నాయనా!

ఉద్దానం: ఆలస్యంగా వచ్చాను. అందరూ పంతులుగారి వైపునుంచే రాశారు. చెట్టెక్కినవాడి గోడు ఎవరికీ పట్టలేదు. మద్యనిషేధంతో గీతకార్మికుల పొయ్యి ఆరిపోయింది, నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం కదల్లేదు. మా గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపింది అందుకే. నవంబరులో అవిశ్వాసం ఊరికే రాలేదు.

తే.గీ.
గీఁత కత్తులు త్రుప్పెక్కఁ గినుక రేఁగె
లచ్చనార్యుని పిలుపుతో లావు హెచ్చె
తాటి నీడల బ్రదుకుల దాహ మదియె
కల్లు త్రాగని వానిని కల్లె కూల్చె

చాటువు: 'దాహ మదియె'! తాగేవాడి దాహం కాదు, గీసేవాడి దాహం. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా యతిమైత్రిగారూ, క్షమించాలి.

యతిమైత్రి: ఇంత తొందరగానా! ఆ 'త్రుప్పెక్క'కు ముందు 'లు' గురువవుతుందని ఎవరూ అనరేం? నేను రాసి ఉంటే ఈపాటికి పంచాయితీ పెట్టేవారు.

పాతతాటాకు: తెలుగు మాట, తేల్చి పలకాలి. సమస్యలోనే 'కల్లు త్రాగని' ఉంది, అక్కడ మీకు లఘువే కదా? ఉద్దానంగారికి నా ఓటు. ఒక్క అభ్యంతరం, 'లచ్చనార్యుఁడు' ఏమిటి? ఆయన్ని జనం పిలిచింది సర్దార్ అని.

ఉద్దానం: 'సర్దారు లచ్చన్న' అని మొదలుపెడితే హగణం తప్పుతుంది, మీరే మళ్ళీ పట్టుకుంటారు.

గోదారిగట్టు: కల్లు కూల్చింది సర్కారునే లెండి. అప్పుడు తలపెట్టిన కృష్ణా బ్యారేజి 1957లో పూర్తయింది, ఆయన పేరుతోనే ఉంది. దానిమీద సమస్య ఇస్తే నేను సిద్ధం.

పాతతాటాకు: ఇవ్వండి. గట్టుగారు బెజవాడ బ్యారేజిని కూడా ధవళేశ్వరానికి తీసుకుపోతారు.