నాగార్జునసాగర్ జలాశయంలో విహార పడవలు పెంచాలా? చేపల వలల సంగతేమిటి?

జలవిహారి:
సాగర్‌కు వచ్చేవారు గేట్లు ఎత్తినప్పుడు ఫొటో దిగి వెళ్లిపోతున్నారు. నాగార్జునకొండకు లాంచీ, నీళ్లు నిండుగా ఉంటే శ్రీశైలం దాకా మరో లాంచీ. అంతకు మించి ఏముంది? వేగంగా నడిచే పడవలు, గాలంతో సరదా వేట, ఒడ్డున రాత్రి బస ఏర్పాటు చేస్తే ఇక్కడి కుర్రవాళ్లకు పని దొరుకుతుంది. ఇంత జలాశయాన్ని ఖాళీగా ఉంచడం న్యాయమా?

విజయపురి వాసి:
ఖాళీగా ఉందని ఎవరన్నారండీ? మీరు పగలు చూస్తున్నారు. వలలు సాయంత్రం వేసి తెల్లవారుజామున తీస్తారు. పైకి కనిపించేవి వరుసగా తేలే బెండ్లు, కొన్నిచోట్ల ఖాళీ ప్లాస్టిక్ సీసాలు. మసక వెలుతురులో పడవ నడిపేవారికి అవి ఆనవు. పడవ పంకాకు చుట్టుకుందంటే వల పేలికలే. అది అప్పు చేసి కొన్న వల.

పడవలు వద్దనను, దారి గీయమంటాను. అయితే సాగర్ నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. నీరు తగ్గేకొద్దీ బండలు తేలతాయి, చేప లోతుకు జరుగుతుంది, వలలూ దాని వెంటే పోతాయి. సెప్టెంబరులో గీసిన దారి ఏప్రిల్‌లో వలల మీదుగా పోతుంది! మట్టం మారినప్పుడల్లా హద్దు మారాలి. అది ఎక్కడో చెప్పగలిగింది వేటకు వెళ్లేవారే.

ఒడ్డు మనిషి:
విజయపురి వాసి గారి మాటే నాదీ. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక పడవ మునిగినప్పుడు, ముందుగా పడవలేసుకుని వెళ్లి ప్రాణాలు కాపాడింది ఊరి గిరిజనులే. నీళ్లు తెలిసినవారిని పక్కన పెట్టి విహారం నడపకూడదు. ఇక రాత్రి బస అంటారా, సాగర్ నుంచి శ్రీశైలం వైపు రెండు ఒడ్డులా పులుల అభయారణ్యమే. అక్కడ గుడారాలు వేయడానికి నేను ఒప్పుకోను.

జలవిహారి:
బస మాట వదిలేస్తాను. పొద్దెక్కాక మొదలుపెట్టి, వలలు వేసే వేళకు ముందే పడవలు ఒడ్డుకు చేరాలంటే సరేనా?

విజయపురి వాసి:
సరే. కానీ ఒక ఒడ్డు తెలంగాణది, మరొకటి ఆంధ్రప్రదేశ్‌ది. అటు ఒక వేళ, ఇటు ఒక వేళ పెడితే మళ్లీ తెగేది మా వలలే. రెండు వైపుల మత్స్య సహకార సంఘాలనూ కూర్చోబెట్టి ఒకే నియమం రాయాలి, వల తెగితే సొమ్ము ఎవరు కట్టాలో అందులోనే తేల్చాలి. ఆ తరువాతే కొత్త పడవలకు అనుమతి.