సంభావ్యతలో ‘లేదా’ అంటే ఒకచోట కూడిక, ఇంకోచోట తీసివేత ఎందుకు?

ప్రశ్న (అనంతపురం నుంచి):
అందరికీ నమస్తే. నేను ఎస్ఐ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నా, టవర్ క్లాక్ దగ్గర రూమ్. 52 పేకముక్కల్లో ఒకటి తీస్తే అది రాజు లేదా రాణి అయ్యే సంభావ్యత 8/52. నాలుగూ నాలుగూ కూడితే వచ్చేసింది. అదే ‘రాజు లేదా ఆటీన్’ అంటే 4, 13 కూడి ఒకటి తీసేసి 16/52 అని గైడులో ఉంది. ఎప్పుడు తీసెయ్యాలో ముందే ఎలా తెలుస్తుంది? ఇంకోటి, పరస్పర వర్జిత ఘటనలు (రెండూ ఒకేసారి జరగలేనివి), స్వతంత్ర ఘటనలు (ఒకటి జరిగిందని తెలిసినా రెండోదాని సంభావ్యత మారనివి) ఒకటేనని మా రూమ్మేట్ అంటాడు. నిజమేనా?

జవాబు (కడప నుంచి):
తమ్ముడూ, ఆటీన్ రాజు ఇటు రాజుల్లోనూ ఉంది, అటు ఆటీన్లలోనూ ఉంది. ఒకే ముక్కను రెండుసార్లు లెక్కపెట్టినట్టయింది, అందుకే ఒకటి తీసేస్తారు. రాజూ రాణీ రెండూ అయిన ముక్క పేకలో లేదు కదా.

జవాబు (కర్నూలు నుంచి):
పైన చెప్పింది సరైనదే. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. ‘లేదా’ కనబడగానే కూడేసే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కూడే ముందు ఒక్క ప్రశ్న వేసుకో నాయనా: రెండూ ఒకేసారి జరిగే ఫలితం ఒక్కటైనా ఉందా?

1 నుంచి 20 దాకా నంబర్లేసిన చీటీల్లో ఒకటి తియ్యి. 5 గుణిజాలు నాలుగు, 7 గుణిజాలు రెండు (7, 14). రెండిట్లోనూ ఉన్న చీటీ లేదు, కాబట్టి పరస్పర వర్జితాలు. 6/20 అని హాయిగా కూడెయ్. ఇప్పుడు చీటీలు 40 దాకా పెంచు. 35 వచ్చి రెండిట్లోనూ కూర్చుంటుంది! 8, 5 కూడి ఒకటి తీసేస్తే 12/40. ప్రశ్నలో మాట ఒక్కటీ మారలేదు, చీటీలే మారాయి. అందుకే మొత్తం ఫలితాలేవో చూడకుండా పరస్పర వర్జితమా కాదా అని తేల్చలేం.

వర్జితాలైతే సంభావ్యతలు కూడాలన్నది 1933లో రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ సంభావ్యతకు పునాదిగా పెట్టిన స్వీకృతాల్లో (రుజువు అడగకుండా ఒప్పుకునే నియమాల్లో) ఒకటి. తీసివేత సూత్రం దాన్నుంచి వచ్చిందే.

ఇక మీ రూమ్మేట్ మాట. ఒకటి కాదు, దాదాపు ఎదురుబొదురు. 20 చీటీల్లో తీసింది 5 గుణిజమని తెలిస్తే చాలు, 7 గుణిజం కాదని ఖాయమైపోయింది. ఒకటి తెలిస్తే రెండోదాని సంభావ్యత సున్నా అవుతుంటే స్వతంత్రం ఎక్కడిది? అదే సరిసంఖ్యనూ 5 గుణిజాన్నీ తీసుకో. సరిసంఖ్య 1/2, 5 గుణిజం 1/5, రెండూ అయినవి 10, 20 మాత్రమే, అంటే 1/10. 1/2ని 1/5తో గుణించినా అదే 1/10. ఇలా విడి సంభావ్యతల లబ్ధం, రెండూ జరిగే సంభావ్యతతో సరిపోతే అవి స్వతంత్రాలు. కానీ వర్జితాలు కావు.

అడిగినవారు:
థాంక్స్ సార్. రెండు పాచికలు వేస్తే మొత్తం 7 రావడం, రెండిటి మీదా ఒకే అంకె రావడం వర్జితాలే కదా?

కర్నూలు నుంచి:
అవును. ఒకే అంకె రెండుసార్లు పడితే మొత్తం సరిసంఖ్యే అవుతుంది, 7 కాలేదు. 6/36, 6/36 కూడితే 12/36. మొత్తం 8 అని అడిగితే మాత్రం 4, 4 అడ్డొస్తుంది. అప్పుడు 5, 6 కూడి ఒకటి తీసేసి 10/36 వెయ్యి.