నిమ్మలకుంట తోలుబొమ్మల పేరుతో ప్లాస్టిక్ దీపాలు: ఆపేదెట్లా?

ప్రశ్న: ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలకు ‘ఆంధ్రప్రదేశ్ లెదర్ పపెట్రీ’ పేరుతో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది కదా. ఒక వ్యాపారి ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు కొట్టి అదే పేరుతో దీపాలు అమ్ముతున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు 1: వేయొచ్చన్నా. కాకపోతే 1999 జీఐ చట్టం 21వ సెక్షన్ ప్రకారం దావా హక్కు జీఐ తీసుకున్న సంస్థకూ, అధీకృత వాడకందారులుగా నమోదైనవాళ్లకూ మాత్రమే. అట్లా నమోదు కాని కళాకారులు ఆగిపోయేది ఇక్కడే. వాడకందారుగా నమోదు కావాలంటే చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి ఫారం జీఐ-3 పంపాల. దావా జిల్లా కోర్టులో. బిల్లుతో ఒక దీపం కొని దాచిపెట్టండి, అదే సాక్ష్యం. నేరం రుజువైతే ఆరు నెలల నుంచి మూడేండ్ల జైలు.

జవాబు 2: జీఐ కాపాడేది పేరునే, బొమ్మను కాదు. పాత రావణుడి బొమ్మ అందరిదీ. కొత్తగా గీసినదైతే అమ్మకానికి పెట్టకముందే డిజైన్ రిజిస్టర్ చేయించండి. చేయించకుండా మీరే మిషన్ మీద 50 కాపీలకు మించి తీయిస్తే, కాపీరైట్ కూడా పోతాది.