అప్‌డేట్: మామిడి చెట్టు కింద కళ్లు లేని స్ప్రింగ్‌టెయిల్ ఏ జాతిదో తేలింది

గుంటూరులో మా పెరటి మామిడి ఆకుచెత్తలో దొరికిన, కళ్లు లేని తెల్లటి స్ప్రింగ్‌టెయిల్ (మట్టిలో ఉండే, గెంతే చిన్న పురుగు) కొత్త జాతేమో అని అడిగాను కదా. కాదు, అది ఫోల్సోమియా కాండిడా అనే తెలిసిన జాతే. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పురుగులను పట్టడానికి గరాటు వాడమన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. గరాటు మీద జల్లెడ పెట్టి, అందులో ఆకుచెత్త వేసి పైన బల్బు వెలిగిస్తే, వేడికి, పొడికి తాళలేక అవే కిందికి దిగి ఆల్కహాల్‌లో పడ్డాయి. విజయవాడలో జంతుశాస్త్రం బోధించే మేడమ్ వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, గెంతడానికి వాడే చీలిక తోకను, దాని రోమాలను, మీసాల మొదట్లో ఉండే సన్నని పొడవాటి అవయవాన్ని చూసి తేల్చారు. నా ఫోన్ ఫోటోలు ఎందుకూ కొరగాలేదు. తెల్ల రంగు, కళ్లు లేకపోవడం కూడా అంతే. మట్టి లోపల బతికే స్ప్రింగ్‌టెయిల్ జాతులెన్నో అలాగే ఉంటాయి.

ఈ ఫోల్సోమియా కాండిడా మగవాటి అవసరం లేకుండానే సంతానం కంటుందట! నేల కాలుష్య పరీక్షల కోసం దీన్ని చాలా దేశాల ప్రయోగశాలల్లో పెంచుతారు. మొక్కలకు హాని లేదు, మందు కొట్టకండి.