ఎరువు వేయాలా, పోయాలా?

పూలమొక్కల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘ఫీడింగ్’ దగ్గర ఆగిపోయాను. ‘ఆహారం అందించడం’ అంటే అర్థమవుతుంది గానీ, మొక్కలు పెంచేవాళ్లు అలా అనగా వినలేదు. ‘ఎర’ అనే పాత మాట వాడొచ్చా? లేక ‘ఎరువు వేయడం’ చాలా?

జవాబు: ‘ఎర’ వద్దండీ. ‘ఎర వేశాడు’ అనగానే చేపా గాలమూ గుర్తొస్తాయి. ఎరువే సరైన మాట. అయితే క్రియ అన్నిచోట్లా ఒకటే పెట్టకండి. ఎరువు ఏ రూపంలో ఉందో తెలుగులో క్రియే చెప్పేస్తుంది. నాటకముందు మడిలో రెండు మూడు అంగుళాల మందాన కంపోస్టు పరిచి మట్టిలో ‘కలుపుతాం’. గుళికలు ‘చల్లుతాం’. నీళ్లలో కరిగించింది ‘పోస్తాం’. కుండీల దగ్గర ఈ ‘పోయడం’ తప్పకుండా రావాలి. కుండీలో మట్టి కొంచెమే, నీళ్లేమో తరచూ పోయాలి. అడుగు కన్నం నుంచి కారే నీళ్లతో పోషకాలూ వెళ్లిపోతాయి. ఏకవార్షికాలు ఒక్క కాలంలోనే పెరిగి, పూసి, విత్తనం కట్టి ముగిసిపోతాయి కాబట్టి వాటికి ఆగే తీరిక లేదు. అందుకే పది పదిహేను రోజులకోసారి, పలచగా కలిపి, ముందు మట్టి తడిపి మరీ పోస్తారు.

‘మందు’ అని మాత్రం రాయకండి. వాడుకలో ఉన్నదే, కానీ చదివేవాళ్లు పురుగుమందు అనుకుంటే ప్రమాదం.

ఇంకొకరు: ఎరువుకి అప్పు తెచ్చుకున్న వస్తువు అనే అర్థం కూడా ఉంది కదా, ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని. రెండూ ఒకటేనా?

జవాబు: వేర్వేరు మాటలండీ. అప్పు అర్థానికి కన్నడంలో ‘ఎరవు’ ఉంది, పెంట అర్థానికి తమిళంలో ‘ఎరు’ ఉంది. తెలుగులో రెండూ ఒకే రూపంలోకి వచ్చాయి.

మొదట అడిగినవారు: చాలా థాంక్సండీ. నత్రజని గురించిన వాక్యం ఇలా మార్చాను, చూడండి: ‘నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ పూత తగ్గుతుంది; ఎరువు మరీ చిక్కగా పోస్తే ఆకు అంచులు కాలిపోతాయి.’

జవాబు: ‘ఏపుగా’ చక్కగా కుదిరింది. ‘కాలిపోతాయి’ బదులు ‘మాడిపోతాయి’ అనండి.