పాత కారు, ఏబీఎస్: పెడల్ స్పాంజిలా దిగుతోంది, కారు ఆగబోయే ముందు కాలిని తంతోంది

పాతకారు విశాఖ (ప్రశ్న)

నమస్కారం. మా నాన్నగారి కారు విషయంలో సలహా కావాలి. 2009 మోడల్ పెట్రోల్ సెడాన్, 1,18,000 కి.మీ. తిరిగింది. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉంది. మేముండేది పెదవాల్తేరులో. సముద్రం నడిచి వెళ్లేంత దగ్గర. కారు మొదటి నుంచీ ఆరుబయటే ఉంటోంది.

ఏడాది క్రితం మొదలైన సంగతి ఇది. సిగ్నల్ దగ్గర ఆగి పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచితే, అది మెల్లమెల్లగా కిందికి జారేది. గట్టిగా తొక్కితే మాత్రం నిలబడేది. గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్ ఎక్కి బలంగా తొక్కి చూసి, "బాగానే ఉంది కదండీ" అని పంపేశారు. ముందు ప్యాడ్లు మార్చి, డిస్కులు లాత్‌కు వేశారు. తేడా రాలేదు. రెండో గ్యారేజీలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కిన బలాన్ని బ్రేక్ ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) కొత్తది వేశారు. జారడం పోయింది కానీ, అప్పటి నుంచి పెడల్ స్పాంజిని తొక్కినట్టు ఉంది. మొదటిసారి తొక్కితే సగానికి పైగా దిగుతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైనే పట్టుకుంటుంది.

రెండోది ఇంకా భయపెడుతోంది. కారు దాదాపు ఆగిపోయే సమయంలో, గంటకు పది పన్నెండు కి.మీ. వేగం దగ్గర, పెడల్ కాలిని దడదడా తంతుంది. ఇంజిన్ వైపు నుంచి గర్రుమని శబ్దం వస్తుంది. ఆ అరక్షణం బ్రేకు వదిలేసినట్టు కారు ముందుకు జారుతుంది. పోయిన వారం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ముందున్న స్కూటర్‌కు జానెడు దూరంలో ఆగింది. రోడ్డు పొడిగానే ఉంది, సడన్ బ్రేకు కూడా కాదు. మీటరు మీద ఏబీఎస్ లైటు వెలగడం లేదు.

మూడో గ్యారేజీ వాళ్లు ఏబీఎస్ యూనిట్ పోయిందన్నారు. రూ.38,000 అవుతుందట, అది వద్దనుకుంటే ఏబీఎస్ ఫ్యూజు పీకేసి మామూలు బ్రేకులతో నడుపుకోమన్నారు. నాన్నగారికి 71 ఏళ్లు. ప్రతి శనివారం సింహాచలం కొండ మీదికి తనే నడుపుకుంటూ వెళ్తారు. ఆయనకు భయం లేదు, భయమంతా నాకే. ఫ్యూజు తీయించడం మంచిదేనా? లేక యూనిట్ మార్చాల్సిందేనా?

ఆటోనగర్ మేస్త్రి

విజయవాడ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా బ్రేకుల పనే చేస్తున్నాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఒక జబ్బు కాదు, రెండు. బహుశా మూడు. అన్నీ ఒకే పెడల్‌లో తెలుస్తున్నాయి కాబట్టి ఒకటే అనుకుంటున్నారు. యూనిట్‌కు డబ్బు కట్టకండి, ఇంకా అంతదాకా రాలేదు.

ముందు పాత సంగతి. తేలిగ్గా తొక్కితే జారడం, గట్టిగా తొక్కితే నిలబడడం మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగినప్పుడు కనిపించే లక్షణం. బలంగా తొక్కితే ఆయిల్ ఒత్తిడికి కప్పు అంచు విచ్చుకుని సిలిండర్ గోడకు అతుక్కుంటుంది, లీకు ఆగుతుంది. తేలికైన ఒత్తిడిలో ఆయిల్ కప్పును దాటి వెనక్కి వెళ్లిపోతుంది. బయట ఒక్క చుక్క కారదు, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గదు. అందుకే బలంగా తొక్కి చూసిన మెకానిక్‌కు అది దొరకలేదు. ఈ పరీక్ష ఇంజిన్ ఆపి చేయాలి. నాలుగైదుసార్లు తొక్కి, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోని వాక్యూమ్ ఖాళీ చేసి, తర్వాత తేలిగ్గా అదిమి ఒక నిమిషం ఉంచాలి. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ కాస్త దిగడం చాలా కార్లలో మామూలే, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. అంటే రెండో గ్యారేజీ వారు మార్చిన భాగం సరైనదే. తేడా జరిగింది ఆ తర్వాతి పనిలోనని నా అనుమానం.

నాకు మూడు విషయాలు చెప్పండి. కొత్త సిలిండర్‌ను బిగించే ముందు విడిగా పట్టుకుని ఎయిర్ తీశారా (లోపల చిక్కిన గాలిని బయటకు పంపారా)? ఎయిర్ తీసేటప్పుడు డబ్బాలో ఆయిల్ ఎప్పుడైనా అడుగంటిందా? హ్యాండ్‌బ్రేకు ఎన్ని పళ్లు (లాగేటప్పుడు టిక్ టిక్ మనే మెట్లు) లేస్తే పట్టుకుంటోంది?

బూస్టర్‌ను కూడా ఈ చేత్తోనే చూసేయండి. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, అలాగే అదిమి పట్టుకుని స్టార్ట్ చేయండి. స్టార్ట్ కాగానే పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు.

పాతకారు విశాఖ

మేస్త్రిగారూ, బూస్టర్ పరీక్ష చేశాను, స్టార్ట్ చేయగానే దిగింది. హ్యాండ్‌బ్రేకు తొమ్మిది పళ్లు లేస్తోంది, ఇదివరకు ఐదే ఉండేది. విడిగా ఎయిర్ తీశారో లేదో తెలియదు. కానీ డబ్బా విషయం గుర్తుంది. నేను పక్కనే ఉన్నాను. కారు లోపల ఉన్న కుర్రాడు పెడల్ తొక్కుతున్నాడు, కింద ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ విప్పుతున్నారు, డబ్బాను ఎవరూ చూడడం లేదు. ఒకసారి బుడగల చప్పుడు వినిపిస్తే నేనే చెప్పాను, అప్పుడు ఆయిల్ పోశారు. పాత ఆయిల్ చూస్తే బెల్లం పానకంలా ఉంది. నాకు తెలిసి ఆరేళ్లుగా మార్చలేదు.

రోజూ రోడ్డు మీద

అన్నగారూ, నా కారుకు ఏబీఎస్ ఫ్యూజు తీసేసి రెండేళ్లయింది. ఏ ఇబ్బందీ లేదు. పాత కార్లు ఏబీఎస్ లేకుండానే నడిచాయి కదా. ఖర్చు పెట్టకండి.

ఆటోనగర్ మేస్త్రి

రెండేళ్లు ఏమీ కాలేదంటే ఆ బ్రేకు అవసరమైన రోజు ఇంకా రాలేదని మాత్రమే అర్థం. మీతో గొడవ పెట్టుకోవడానికి అనడం లేదు, మీ క్షేమం కోరే చెబుతున్నాను. ఏబీఎస్ లేకుండా తయారైన కార్లలో వెనుక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని తగ్గించడానికి వేరే వాల్వు ఉండేది. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో ఆ పని ఈబీడీ (ముందు, వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు) చేస్తుంది, అది ఏబీఎస్ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఫ్యూజు తీస్తే రెండూ పోతాయి. మీటరు మీద పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతుంటే కారు చెబుతున్నది అదే. గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనుక చక్రాలు తేలికై ముందే లాక్ అవుతాయి, కారు వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. వానాకాలంలో కొండ దిగుతున్న పెద్దాయనకు ఆ పరిస్థితి రాకూడదు.

పరీక్ష కోసం పది నిమిషాలు ఫ్యూజు తీయడం వేరు. విశాఖవారూ, అది మీకు ఉపయోగమే. ముందు పెడల్ సరిచేయించి, ఖాళీ మైదానంలో ఫ్యూజు తీసి, గంటకు 20 కి.మీ. మించకుండా నడిపి మెల్లగా ఆపి చూడండి. ఆ తన్నడం మాయమైతే తప్పు ఏబీఎస్ వైపు ఉంది. అలాగే ఉంటే డిస్కో డ్రమ్మో వంకర పోయినట్టు.

ఇక స్పాంజి సంగతి. డబ్బా అడుగంటింది అన్నారు కదా, అదే మూలం. గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి వెళ్లి ఉంటుంది. అందులో మామూలుగా మూసి ఉండే వాల్వులు, వాటి వెనుక చిన్న అరలు ఉంటాయి. పెడల్ తొక్కి నాలుగు చక్రాల దగ్గర ఎయిర్ తీస్తే ఆ అరల్లోని గాలి బయటకు రాదు. స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) పెట్టి, అందులోని ఏబీఎస్ బ్లీడింగ్ పద్ధతిలో పంపును, వాల్వులను నడిపిస్తూ తీయాలి. స్కానర్ లేనిచోట మట్టి రోడ్డు మీద కావాలని జారించి ఏబీఎస్ పని చేసేలా చేసి, మళ్లీ ఎయిర్ తీసేవారూ ఉన్నారు. ఇంత మెత్తగా ఉన్న పెడల్‌తో ఆ పని చేయమని నేను చెప్పను.

అంతకు ముందు ఒక పరీక్ష చేయించండి. మాస్టర్ సిలిండర్ నుంచి బయటకు వెళ్లే రెండు పైపులు విప్పి, ఆ రంధ్రాలకు ప్లగ్గులు బిగించి తొక్కాలి. పెడల్ రాయిలా నిలబడితే సిలిండర్ బాగుంది, తేడా దాని తర్వాత ఉంది. అప్పుడూ మెత్తగా ఉంటే సిలిండర్‌లోనే గాలి ఉంది. మా దగ్గర ఈ రెండు ప్లగ్గులు ఎన్నో కొత్త సిలిండర్లను చెత్తబుట్టలో పడకుండా కాపాడాయి.

ఇంకొక మాట. పాత బండికి ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను అడుగు దాకా తొక్కనివ్వకండి, కింద చిన్న చెక్క ముక్క పెట్టించండి. పిస్టన్ ఎన్నడూ వెళ్లని చోట సిలిండర్ గోడకు తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. కప్పు అక్కడిదాకా వెళ్తే కోసుకుపోతుంది. కొత్త సిలిండర్‌కు ఆ భయం లేదు కానీ, కుర్రాళ్లకు అలవాటు కావడం మంచిది.

వెనుక డ్రమ్ముల పరీక్ష చాలా తేలిక. హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగి ఉంచి పెడల్ తొక్కండి. పెడల్ దిగడం బాగా తగ్గితే బ్రేకు షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నట్టు. తొమ్మిది పళ్లంటే దాదాపు ఖాయం.

కొలంబస్ తెలుగు

నేను అమెరికాలో ఒహాయోలో ఉంటాను. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మీ సముద్రపు గాలి చేసే పనే మా ఉప్పు చేస్తుంది కాబట్టి ఆ రెండో లక్షణం, అంటే పెడల్ తన్నడం, నాకు బాగా తెలుసు. నా పాత కారుకు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ చక్రం దగ్గరి స్పీడ్ సెన్సరే కారణం.

పాత కార్లలో ఎక్కువగా ఉండేది అయస్కాంతం, తీగచుట్ట ఉన్న సెన్సర్. చక్రానికి ఉన్న పళ్ల రింగు దాని ముందు తిరుగుతుంటే కరెంటు పుడుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ సిగ్నల్ బలహీనమవుతుంది. సెన్సర్ కూర్చునే చోట తుప్పు ఉబ్బి దాన్ని రింగుకు అర మిల్లీమీటరు దూరం జరిపినా చాలు, కారు నెమ్మదించినప్పుడు ఆ చక్రం సిగ్నల్ మిగతా వాటి కంటే ముందే ఆగిపోతుంది. కంప్యూటర్‌కు మూడు చక్రాలు పది కి.మీ. వేగంతో తిరుగుతూ, ఒకటి మాత్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. చక్రం లాక్ అయిందని నమ్మి దాని బ్రేకు వదిలేస్తుంది. తన దృష్టిలో అది సరిగ్గానే పని చేసింది, అందుకే లైటు వేయదు.

స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కన చూసే వీలుంటుంది. ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవారు చూడాలి. ఆగబోయేటప్పుడు ఏ చక్రం ముందుగా సున్నాకు పడిపోతుందో అదే దొంగ. తర్వాత ఆ రింగును కూడా చుట్టూ తిప్పి చూడండి. కింద తుప్పు ఉబ్బి రింగు పగిలితే ప్రతి చుట్టుకూ ఒక పన్ను తప్పినట్టవుతుంది. బేరింగ్ వదులైనా ఇలాంటి తంటానే వస్తుంది, చక్రాన్ని ఊపి చూడండి.

ఒక హెచ్చరిక: ఇన్నేళ్ల సెన్సర్ విప్పేటప్పుడు విరగవచ్చు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి, కొత్తది దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే చేయి పెట్టండి.

పాతకారు విశాఖ (పది రోజుల తర్వాత)

ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. స్కానర్ ఉన్న గ్యారేజీ గాజువాకలో దొరికింది. మీరు రాసినవి కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆ మేస్త్రి విసుక్కుంటారేమో అనుకున్నాను కానీ, ప్లగ్గుల పరీక్ష దగ్గరికి రాగానే "ఇది మా గురువుగారు చేసేవారు" అంటూ తనే వెతికి తెచ్చారు.

ప్లగ్గులు బిగించగానే పెడల్ రాయిలా నిలబడింది. తర్వాత వెనుక డ్రమ్ములు విప్పారు. షూలు సగం మిగిలే ఉన్నాయి కానీ, తనంతట తాను సర్దుకోవాల్సిన అడ్జస్టర్ తుప్పు పట్టి రెండు వైపులా కదలడం లేదు. శుభ్రం చేసి సర్దారు. హ్యాండ్‌బ్రేకు ఐదు పళ్లకు వచ్చింది. ఆ ఒక్క పనికే పెడల్ మూడో వంతు పైకి లేచింది, నేను నమ్మలేకపోయాను.

సీలు విప్పని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీసాలు రెండు తీసుకున్నాం. స్కానర్‌తో పంపు నడిపిస్తూ ఎయిర్ తీసినప్పుడు మొదటి చక్రం దగ్గర నల్లటి ఆయిల్, దానితో పాటు సన్నటి నురుగు వచ్చాయి. నాలుగు చక్రాలూ అయ్యాక రెండోసారి కూడా చేశారు. డబ్బా దగ్గర ఈసారి నేనే నిలబడ్డాను.

తర్వాత వేగాలు చూశాం. ముందు ఎడమ చక్రం 12 కి.మీ. దగ్గర సున్నాకు పడిపోతోంది, మిగతా మూడూ అలాగే ఉన్నాయి. సెన్సర్ విప్పేటప్పుడు విరిగింది, మీరు చెప్పినట్టే. కింద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. వైరు బ్రష్‌తో గీకి, పలుచగా గ్రీజు రాసి కొత్తది బిగించారు. రింగు బాగానే ఉంది. కుడివైపుది కూడా విప్పించమంటారా, లేక సిగ్నల్ బాగుంది కాబట్టి కదపకుండా ఉంచాలా? సెన్సర్, ఆయిల్, కూలీ అంతా కలిపి రూ.6,400 అయింది.

ఆటోనగర్ మేస్త్రి

కదపకండి. సిగ్నల్ బాగున్నప్పుడు విప్పి విరగ్గొట్టుకోవడం ఎందుకు? ఆరు నెలలకోసారి స్కానర్‌లో చూసుకోండి చాలు.

ఆయిల్ మాత్రం ఇకపై రెండేళ్లకోసారి మార్చండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీరు చేరిన తర్వాత ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. పొడవైన ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఒక్కసారిగా అడుగుకు వెళ్లిపోతుంది. నాన్నగారికి చెప్పండి, కొండ దిగేటప్పుడు రెండో గేరులో దిగమని, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచవద్దని. మిగిలిన సగం సీసా దాచకండి, మూత తీశాక అది కూడా తేమ పీలుస్తుంది.

పాతకారు విశాఖ

ఈ శనివారం నేను పక్క సీట్లో కూర్చుని వెళ్లాను. దిగేటప్పుడు రెండో గేరు వేయమంటే వేశారు. అడవివరం దగ్గర గేదెలు అడ్డం వస్తే ఆపారు, పెడల్ తన్నలేదు. "ఇప్పుడు కొత్తప్పటిలా ఉందిరా" అన్నారు.